కదలని బంటు

అన్న చెయ్యి బోర్డు మీదికి వెళ్లింది. హాలంతా ఆయన గుర్రం వైపు చూసింది.

ఎదుటివాడు మంత్రి ముందు బంటుని రెండు గళ్లు తోస్తే అన్న జవాబు గుర్రమేనని చదరంగం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి నెరిసిపోయేదాకా అదే ఆడాడు. ఆ రోజు మాత్రం ఆ చెయ్యి గుర్రాన్ని పలకరించకుండా దాటిపోయింది. రాజు ముందున్న నల్లబంటు తల పట్టుకుని ఒక్కటంటే ఒక్క గడి ముందుకు జరిపింది. పక్కనున్న గడియారం నొక్కింది.

గుసగుసలు లేచాయి. అన్న తనలో తాను నవ్వుకున్నాడు. కాసేపటికి కాలరు వదులు చేసుకున్నాడు. ఇంకాసేపటికి మంచినీళ్లు అడిగాడు. గ్లాసు వచ్చేసరికి ఆయన తల బోర్డు అంచున వాలి ఉంది.

"గుండెపోటు," అన్నాడు డాక్టరు. ఆ మాటనే లోకమంతా రాసుకుంది.

ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య ఏడవలేదు. లేచి వచ్చి, ఆ గుడ్డబోర్డుని నాలుగు మూలలా పట్టి, పావుల్ని ఒక్కదాన్నీ ముట్టుకోకుండా మూటకట్టింది. గుర్తుగా దాచుకుంటుంది పాపం అని చూసినవాళ్లు కళ్లొత్తుకున్నారు. ఆమె ఆ మూటతో ఇంటికి వెళ్లలేదు. నీటి మీటర్ల తనిఖీ కార్యాలయం అని బోర్డు పెట్టిన పాత మేడకి వెళ్లింది.

ఆ మేడలో మీటర్లు తనిఖీ చేసేవాళ్లు లేరు. గూఢచారి శాఖ ఉంది. చీఫ్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆయనకున్న బాధల్లా ఒక్కటే. బోర్డు చూసి నిజంగానే నీళ్ల బిల్లు ఎక్కువొచ్చిందని జనం వస్తుంటారు. వాళ్లకి సర్దిచెప్పి పంపాలి. దేశ రహస్యాలు కాపాడటం కంటే అదే కష్టమంటాడాయన.

అన్న ఆ శాఖ ఏజెంటు. టోర్నమెంట్ల పేరుతో ఊళ్లు తిరగడం ఆయన వేసుకున్న ముసుగు. ఆయన తమ్ముడూ ఏజెంటే. ఆటగాడే గానీ అన్నంతటివాడు కాదు. శాఖ ఫైళ్లలో అతని కోడ్‌నేమ్ కూడా తమ్ముడే. వేరే పేరు వెతకడానికి బాబాయికి ఓపిక లేకపోయింది.

ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజు బాబాయ్ గదిలో ముగ్గురే ఉన్నారు.

"చర్మం గుండా ఎక్కే విషం," అన్నాడు బాబాయ్. "నెమ్మదిగా గుండెని ఆపుతుంది. ఒంట్లో ఆనవాలు మిగలదు. పావు మీద మిగిలింది. మీ వదిన మూటకట్టి తేకపోతే అదీ తుడిచేసేవాళ్లు."

"ఎన్ని పావులకి పూశారు?" అడిగాడు తమ్ముడు.

"ఒక్కదానికి. ఆయన జరిపిన ఆ నల్లబంటుకి."

తమ్ముడి పళ్లు పటపటలాడాయి. వదిన అతని వైపు తిరిగింది. "అర్థమైందా? లోకం దృష్టిలో మీ అన్న ముట్టుకోవాల్సింది గుర్రాన్ని. చంపేవాడు గుర్రానికి పూయాలి. బంటుకి పూశాడు."

"అంటే ఒక్కగడి సంగతి తెలిసినవాళ్లు."

ఒక్కగడి. ఆ డిఫెన్స్‌కి పుస్తకాల్లో ఏవేవో పేర్లున్నాయి గానీ వాళ్లింట్లో దాని పేరు అంతే. నల్లవాడు బంటుని ఒక్క గడి జరిపి ఊరుకుంటాడు. ఆ తర్వాత అది ఎటైనా తిరగొచ్చు. గోడ కట్టొచ్చు, గోడ పడగొట్టొచ్చు, ఎడమనుంచి రావొచ్చు, కుడినుంచి దూకొచ్చు. తెల్లవాడు తన ఇల్లంతా కట్టి చూపించాల్సిందే, నల్లవాడు మాత్రం ముగ్గు కూడా వేయడు. "ఏజెంటుకి ఇంతకంటే మంచి ఓపెనింగ్ లేదురా," అనేవాడు అన్న. వంటింటి బల్ల మీద, తలుపులు బిగించుకుని, చివరి రోజుల్లో అదే సాధన చేశాడు.

"ఇంట్లో మనిద్దరికి తెలుసు," అంది వదిన. "మూడో మనిషి ఆ గ్లౌజులావిడ."

గ్లౌజులావిడ అంటే డెప్యూటీ ఆర్బిటర్, మ్యాచ్‌లకి రెండో తీర్పరి. మోచేతుల దాకా పట్టు గ్లౌజులు వేసుకుని, నడుస్తుంటే హాల్లో సగంమంది ఎత్తులు మర్చిపోయేంత అందగత్తె. విదేశీ ముఠాలో మన మనిషిగా శాఖ ఆవిణ్ణి నాటింది. అన్నకి ఆవిడే కాంటాక్ట్. కబుర్లు చేరవేయడానికి వచ్చి, సాధన గేమ్‌లకి ఎదురు కూర్చునేది.

"మన మనిషి అనుకున్నాం," బాబాయ్ గొంతు తగ్గించాడు. "వాళ్ల మనిషే మనకి అద్దెకొచ్చిందన్నమాట."

"ఇప్పుడే వెళ్లి..." తమ్ముడు లేవబోయాడు.

"కూర్చోరా. దాన్ని పట్టుకుంటే పైవాడు జారిపోతాడు. పైవాడెవడో మీ అన్న కనిపెట్టాడు. అందుకే పోయాడు. ఆ రోజు ఎదుట కూర్చున్నవాడే."

మాస్టర్. ఊరూరా తిరిగే విదేశీ గ్రాండ్‌మాస్టర్. తెల్లపావులు వస్తే పుట్టినప్పటినుంచీ మంత్రి ముందు బంటు తప్ప ఇంకోటి తోయని మనిషి. ఒకే రంగు కోటు, ఒకే కుర్చీ, ఒకే ఎత్తు. "మరో మొదటి ఎత్తు ఆడేవాళ్లు నాకు సంస్కారం లేనివాళ్లలా కనబడతారు," అని టీవీలో చెప్పిన పొగరుమోతు.

"ఇప్పుడు వాడే మీ అన్న పేరిట సంస్మరణ మ్యాచ్ పెట్టించాడు. నివాళిగా తనే ఆడతాడట. నల్లపావులతో నిన్ను కూర్చోబెడతాడట. ముఖ్య అతిథి మన రాడార్ సైంటిస్టు. మీ అన్న స్నేహితుడు కదా, రానని ఎలా అంటాడు?"

బాబాయ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"రాడార్ తయారవుతోంది," అన్నాడు బాబాయ్. "ఆయన తలలో తప్ప ఇంకెక్కడా పూర్తిగా లేదు. వాడికి కావలసింది ఆ తల లేకుండా పోవడం. మాస్టర్‌ని ఊరికే పట్టుకోలేం. పాస్‌పోర్టు చూపించి నవ్వుతూ విమానమెక్కుతాడు. లోకం ముందు వాడంతట వాడు దొరకాలి."

తమ్ముడు పిడికిలి చూసుకున్నాడు. "నాకు వాడు దొరికితే చాలు బాబాయ్. లోకం సంగతి తర్వాత."

అప్పుడు వదిన మాట్లాడింది. నీళ్లలోంచి తీసిన కత్తిలా ఉంది ఆ గొంతు.

"చంపడానికి నువ్వే కావాలా? ఆ పని నేనూ చేయగలను. మీ అన్న గుండె బలం లేక పోయాడని రాశారు. అది అబద్ధమని వాడి నోటితో వాడు చెప్పాలి. జనంలో చెప్పాలి. ఆ ఒక్కటీ తెచ్చిపెట్టు నాకు."

వెళ్లే ముందు, తనతో తెచ్చిన ఇంటి చదరంగం పెట్టె తెరిచి, అతని అరచేతిలో ఒక చిన్న వస్తువు పెట్టి వేళ్లు మూసింది. "ఇది దగ్గరుంచుకో. పని పడొచ్చు."

*

మ్యాచ్‌కి ముందురోజు, హోటల్ కాఫీ హాల్లో, తమ్ముడి బల్ల దగ్గర పట్టు గ్లౌజులు ఆగాయి.

"ఈ కుర్చీ కుంటుతుందా?"

"కూర్చునేవాళ్లని బట్టి." కోడ్ సరిపోయింది.

ఆవిడ కూర్చుంది. సెంటు వాసన ముందు కూర్చుంది, ఆవిడ తర్వాత.

"మీ అన్నగారి విషయం... నాకు ముందే తెలిసుంటే..."

"తెలిసుంటే కాపాడేవారు. నాకు తెలుసు." తమ్ముడు కప్పులో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. ఆ చెంచాతో ఏం చేయాలనిపిస్తోందో మొహంలో కనబడనివ్వలేదు.

"రేపు మీకూ అదే గతి పట్టించబోతున్నారు. మీరూ అన్నగారి డిఫెన్సే ఆడతారని వాళ్ల నమ్మకం. ఆ నల్లబంటుకి పూస్తున్నారు. ముట్టుకోవద్దు. గుర్రంతో మొదలుపెట్టండి."

"ప్రాణదాతలండీ మీరు."

"మాటలతో సరిపెడతారా?" కళ్లు ఎగరేసింది.

"ఆట అయ్యాక ఊరికే వదలను, మాటిస్తున్నాను," అన్నాడు తమ్ముడు. అందులో అబద్ధం లేదు.

ఆవిడ వెళ్లాక చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఆలోచించాడు. నల్లబంటు అని వేలు పెట్టి చూపించిందంటే ప్రమాదం ఇంకెక్కడో ఉంది. దొంగ ఇటు చూడమన్నప్పుడు చూడాల్సింది అటు. బోర్డు మీద తనకంటే ముందు చెయ్యి పెట్టేదెవరు?

కప్పు కింద పెట్టేశాడు.

ఇలాంటి మ్యాచ్‌ల్లో ఒక ఆచారం ఉంది. మొదటి ఎత్తు ఆటగాడు వేయడు. ముఖ్య అతిథి వేస్తాడు. "ఏం వేయమంటారు?" అని తెల్లవాణ్ణి అడిగి, అతను చెప్పిన పావు తోసి, ఫోటోకి నవ్వుతాడు. మాస్టర్ ఏం చెబుతాడో చంటిపిల్లలకి కూడా తెలుసు. మంత్రి ముందు తెల్లబంటు. ఒకసారి తోశాక ఆట సగందాకా మాస్టర్ దాన్ని మళ్లీ ముట్టుకునే పని కూడా ఉండదు. సైంటిస్టు ఇంటికెళ్లి, భోంచేసి, పడుకుని, మళ్లీ లేవడు. దానికీ గుండెపోటనే పేరు పెడతారు.

*

మర్నాడు ఉదయం హాలు కిటకిటలాడింది. వేదిక మీద పూలదండలు వేసిన అన్న ఫోటో. ముందు వరసలో వదిన. చివరి వరసలో, నీళ్ల పైపులు చూడటానికి వచ్చినవాడి వేషంలో, చేతిలో రెంచితో బాబాయ్.

తమ్ముడు అందరికంటే ముందు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. వేళ్ల కొనలకి ల్యాబ్ వాళ్లిచ్చిన కంటికి కనబడని పొర పూసుకున్నాడు. పేరు రాస్తున్నట్టు పెన్ను తీశాడు. మామూలు పెన్నే, కాకపోతే క్లిప్పు నొక్కితే మొనలోంచి ఊదారంగు వెలుగొస్తుంది, ఆ వెలుగు పడితే విషం మెరుస్తుంది. తన నల్లబంటు మీద ఆ వెలుగు పారాడించాడు. ఏమీ లేదు. ఎదుటి మంత్రి ముందు తెల్లబంటు మీదికి తిప్పాడు. దాని గుండ్రటి తల మిణుగురులా మెరిసింది.

అన్న చివరి నవ్వు గుర్తొచ్చి చెమట పట్టింది. రుమాలు తీసి తుడుచుకోబోతే జారి బోర్డు మీద పడింది. కంగారుగా తీసి జేబులో కుక్కుకున్నాడు. పావు ఒకటి కాస్త కదిలితే సరిచేశాడు. దూరంగా నిలబడ్డ గ్లౌజులావిడ ఆ కంగారు చూసి పెదవి కొరుక్కుని నవ్వుకుంది.

మాస్టర్ వచ్చాడు. అదే కోటు. అన్న ఫోటోకి వంగి దణ్ణం పెట్టాడు. కెమెరాలు చిటపటలాడాయి. వదిన చూపు ఆ వంగిన మెడ మీదే ఉంది.

"మీ అన్నగారు గొప్పవారు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. వచ్చీరాని మాటలు. "గుండె మాత్రం చిన్నది."

తమ్ముడు తల ఊపాడు. ఆ ఒక్క తల ఊపుకి అతని మెడనరాలు తెగినంత పనైంది.

సైంటిస్టు మెట్లెక్కి వచ్చాడు. బట్టతల, బొజ్జ, నోరు తెరిస్తే వేళాకోళం. "నేను ఎత్తు వేయడమేమిటండీ, మా ఇంట్లో కుర్చీ జరపాలన్నా మా ఆవిణ్ణి అడగాలి," అన్నాడు. జనం నవ్వారు. "సరే మాస్టర్‌గారూ, ఏం తోయమంటారు?"

"మంత్రి ముందు బంటు. రెండు గళ్లు."

సైంటిస్టు చెయ్యి బోర్డు మీదికి దిగింది. బొద్దుగా ఉన్న ఆ వేళ్లు తెల్లబంటు తలని ముట్టుకోబోతున్నాయి. అవి దాన్ని తోశాయంటే అన్న పగ అక్కడితో సమాప్తం.

"సార్! ఆగండి!"

తమ్ముడు లేచి నిలబడ్డాడు. హాలంతా ఉలిక్కిపడింది. గ్లౌజులావిడ చెయ్యి గౌనులోకి వెళ్లింది. తమ్ముడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఈయన పుట్టినప్పటినుంచీ అదే తోసి మా ప్రాణాలు తోడేస్తున్నాడు సార్. అతిథి మీరు. ఇవాళ ఒక్కరోజు మా అన్న ఆత్మశాంతికి పక్క బంటు తోయండి. రాజు ముందుది. చూద్దాం, ఏం చేస్తాడో!"

నవ్వులు గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి. "తోయండి సార్! తోసేయండి!" అని వెనకనుంచి కేకలు. సైంటిస్టు కళ్లు కొంటెగా మెరిశాయి. "మా వాడి తమ్ముడు అడిగాడు, కాదంటానా?" అంటూ రాజు ముందు బంటుని రెండు గళ్లు నెట్టేసి చేతులు దులుపుకున్నాడు.

పెద్ద ఆర్బిటర్ ముందుకొచ్చాడు. "మాస్టర్‌గారూ, ఇది మర్యాద కోసమే. దాన్ని వెనక్కి పెట్టి మీకు నచ్చింది మీరు ఆడుకోండి."

మాస్టర్ తన బంటు వైపు చూశాడు. మంత్రి ముందున్నదాని వైపు. చెయ్యి లేచింది. గాల్లో ఆగింది. మళ్లీ ఒళ్లో వాలింది.

"పర్వాలేదు. అతిథి ఎత్తు... అతిథి ఎత్తే."

జనం చప్పట్లు కొట్టారు, ఎంత సంస్కారమని. తమ్ముడు మాత్రం కొట్టలేదు. సైంటిస్టు వేదిక దిగేదాకా చూశాడు. తర్వాత తన రాజు ముందున్న నల్లబంటు తల పట్టుకున్నాడు. ముట్టుకోవద్దని పట్టు గ్లౌజులు హెచ్చరించిన బంటు. ఓరకంట చూశాడు. ఆవిడ అసలు ఇటు చూడటమే లేదు. ఆవిడ కళ్లు తెల్లబంటు మీద ఉన్నాయి.

ఒక్క గడి జరిపాడు. గడియారం నొక్కాడు.

"ఇది మంత్రి బంటుకే కదా జవాబు?" మాస్టర్ గొణిగాడు.

"దేనికైనా ఇదేనండీ. మీరు ఎటు మారితే నేనూ అటే. ఇప్పుడిక మీ మంత్రి బంటు తోయాలి. పసివాడైనా అదే తోస్తాడు. కానివ్వండి."

మాస్టర్ తోయలేదు. దాని పక్కనున్నవి తోశాడు. ఆ పక్క బంటుని ముందుకు, ఈ పక్క గుర్రాన్ని బయటికి, రాజుని మూలకి. ఆ ఒక్క బంటు మాత్రం గుమ్మానికి అడ్డంపడ్డ దున్నపోతులా కదల్లేదు. దాని వెనక పావులు బయటికి రాలేక కుక్కుకున్నాయి. తెలిసినవాళ్లు మొహాలు చూసుకున్నారు. మాస్టర్‌కి ఏమైంది? కోటు చంకల్లో తడి మరకలు పాకాయి.

ఇదే ఆ మనిషి చేసిన తప్పు. ఎంతటి తెలివైనవాడైనా ఒకే ఎత్తుకి బానిసైతే, ఆ ఎత్తు లేని రోజున వాడు గోచీ జారినవాడితో సమానం. ఒక్కగడి ఆడేవాడికి ఆ బాధ లేదు. వాడు మొదటినుంచీ దేనికీ కట్టుబడలేదు.

తమ్ముడి గుర్రం రెండు దూకుల్లో ముందుకొచ్చింది. మూడో దూకుకి శత్రువుల నడిబొడ్డున వాలింది. మాస్టర్ మంత్రికీ ఏనుగుకీ ఒకేసారి గురిపెట్టి నిలబడింది.

"అయ్యో!" అని హాలు మూలిగింది. ఎందుకంటే ఆ గుర్రానికి కాపలా లేదు. ఊరికే తినేయొచ్చు. పక్క బంటు ముందే వెళ్లిపోయింది కాబట్టి దాన్ని తినగలిగే పావు బోర్డంతా వెతికినా ఒక్కటే. మంత్రి ముందున్న ఆ తెల్లబంటు.

"తినండి మాస్టర్‌గారూ." తమ్ముడి గొంతు వాళ్లిద్దరికే వినబడేలా ఉంది. "మా అన్నకి ఇష్టమైన గుర్రం. ఊరికే ఇస్తున్నా."

మాస్టర్ కదల్లేదు. గడియారంలో అంకెలు కరిగిపోతున్నాయి. వెనక వరసల్లో కుర్రాళ్లు ఆపుకోలేకపోయారు. "తినవయ్యా!" "కళ్లు కనబడటం లేదా?" కెమెరాలు దగ్గరికి జరిగాయి. గ్లౌజులావిడ బోర్డు వైపు రెండడుగులు వేసింది. అప్పటికే వేదిక దగ్గరికి చేరిన పైపుల మనిషి రెంచి అడ్డంపెట్టి, "మేడమ్, ఇక్కడ లీకేజీ ఉంది, అటు వెళ్లకండి," అన్నాడు.

"నేను మీ మనిషినే," ఆవిడ గుసగుసలాడింది.

"ఎవరి మనిషివో ఇప్పుడు నీకే గుర్తున్నట్టు లేదమ్మా," అన్నాడు బాబాయ్, ఆ పట్టు మణికట్టుని గట్టిగా పట్టుకుని.

మాస్టర్ అది చూశాడు. గడియారం ఆఖరి అంకెల్లోకి వచ్చింది. ఇక ఒకటే దారి. ఓటమి ఒప్పుకుంటూ, చదరంగం మర్యాద ప్రకారం, బోర్డు మీదుగా కుడిచెయ్యి చాచాడు.

తమ్ముడు ఆ చెయ్యి అందుకున్నాడు. వదల్లేదు.

బిగించాడు. వేళ్ల కణుపులు పటుక్కుమన్నాయి. ఆ చేతిని అంగుళం అంగుళం కిందికి లాగాడు, తెల్లబంటు తల మీదికి. చూసేవాళ్లకి అది వీరాభిమానంతో ఇస్తున్న కరచాలనంలా ఉంది.

"తినకపోతే పోనీ. ఒక్కసారి ముట్టుకోండి. ఎందుకు ముట్టుకోరు?"

"వదులు..."

"మా అన్న ముట్టుకున్నాడు కదా."

చూపుడువేలికీ బంటు తలకీ మధ్య వెంట్రుక దూరే సందుంది. తమ్ముడి కళ్లలో అన్న వాలిపోయిన తల తప్ప ఇంకేం లేదు. మాస్టర్ ఆ కళ్లలోకి చూశాడు. పొగరంతా ఒక్కసారి ఊడి కింద పడింది.

"వద్దు! విషం! దాని మీద విషం ఉంది! ఆవిడే పూసింది! మీ అన్నకి పూసిందీ ఆవిడే, నేను... నేను చెప్పాను అంతే! వదులు!"

మైకులన్నీ ఆ అరుపుని పట్టుకున్నాయి. గడియారంలో సున్నా పడి కీచుమంది.

తమ్ముడు చెయ్యి వదిలేశాడు. వదిన లేచింది. వేదిక ఎక్కి, అన్న ఫోటోకి వేసిన దండల్లో మాస్టర్ పేరు రాసిన దండ ఒకటి తీసి, వాడి ఒళ్లో పడేసింది.

"ఆయన గుండె చిన్నది కాదు," అంది. "ఇప్పుడు లోకాన్ని రాసుకోమను."

వేషాల్లో ఉన్న శాఖవాళ్లు నలువైపుల నుంచీ లేచారు. మాస్టర్‌ని నడిపించుకుపోతుంటే వాడు ఇంకా తన చూపుడువేలిని కోటుకి రుద్దుకుంటూనే ఉన్నాడు.

*

సాయంత్రం నీటి మీటర్ల ఆఫీసులో బాబాయ్ రెంచి బల్ల మీద పెట్టి ఒళ్లు విరుచుకున్నాడు.

"ఒరేయ్, సైంటిస్టు వేలు అంత దగ్గరికి వెళ్లేదాకా కూర్చున్నావు. ఏమన్నా అయితే?"

తమ్ముడు జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. విప్పలేదు. "ల్యాబ్‌కి పంపండి. విషం పూసిన బంటు ఇందులో ఉంది. పొద్దున ఆయన రాకముందే మార్చేశాను."

"మరి బోర్డు మీద ఉన్నది?"

"మా ఇంటిది," అంది వదిన. "అడుగున చిన్న పెచ్చు లేచి ఉంటుంది. తిరిగి ఇప్పించండి, సెట్టు లోటుగా ఉంది."

బాబాయ్ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే వాడు అంత వణికింది ఒట్టి చెక్కముక్కని చూసి! సరేగానీ, వాడు తెగించి నీ గుర్రాన్ని తినేసి ఉంటే ఏం చేసేవాడివి?"

తమ్ముడు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ఏముంది బాబాయ్, ఓడిపోయేవాణ్ణి. మా అన్న ఉండగా రోజూ జరిగింది అదేగా."